66 రోజుల వార్త, 39 మంది అధ్యయనం: ఒక కేసు

క్లయింట్ అనుమతితో ఈ కేసు రాస్తున్నాను. వయసు, వృత్తి, కుటుంబ వివరాలు మార్చాను. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది మాత్రం నా నోట్సులో ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

నలభై దాటిన వ్యక్తి, మధ్యస్థాయి డిప్రెషన్. సైకియాట్రిస్టు మందులు మొదలుపెట్టి, మాటల చికిత్స కోసం నా దగ్గరికి పంపారు. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేసేది, ఆ తర్వాత నిద్ర పట్టేది కాదు. సెలవు రోజుల్లో మంచం దిగేవారు కాదు. చేసే ఉద్యోగం లెక్కలు సరిచూసేది. ప్రతి విషయాన్నీ తేదీ వేసి రాసుకునే మనిషి. చికిత్సకు అది పనికొస్తుందని మొదట్లో సంతోషించాను.

మేం ఎంచుకున్న పద్ధతి బిహేవియరల్ యాక్టివేషన్. మనసు బాగుపడ్డాక పనులు చేద్దామని ఆగకుండా, చిన్న చిన్న పనులతోనే మనసును కదిలించడం దాని సారం. ఆయన విషయంలో ఆ పని ఉదయం అరగంట నడక. పగటి వెలుతురులో నడిస్తే నిద్ర వేళలు కూడా సర్దుకోవచ్చన్నది నా ఆలోచన.

రెండో సెషన్‌లో ఆయన అడిగారు: "మేడమ్, ఎన్నాళ్లు చేస్తే అలవాటవుతుంది?" అంతకుముందు రెండు సార్లు "21 రోజుల" కార్యక్రమాలు మొదలుపెట్టి, 22వ రోజు కూడా పని అంతే బరువుగా ఉండటంతో తనలోనే ఏదో లోపముందనుకుని మానేశారు. 21 అనే అంకె ఎక్కడిదో నాకు తెలుసు కాబట్టి చెప్పాను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో వేసిన పుస్తకంలో, ముఖానికి శస్త్రచికిత్స అయిన రోగులు కొత్త రూపానికి అలవాటు పడటానికి సుమారు 21 రోజులైనా పడుతుందని తన అనుభవం రాశారు. అది ప్రయోగం కాదు. పైగా ఆయన చెప్పింది కనీస గడువు. ఆ "కనీసం" కాలక్రమంలో జారిపోయి 21 మిగిలింది.

ఇంతవరకూ చెప్పి ఆగి ఉండాల్సింది. "అసలు పరిశోధనలో తేలింది 66 రోజులు" అని కూడా అన్నాను. ఆ అధ్యయనం గురించి అప్పటికి నేను చదివింది పత్రికల్లో వచ్చిన కథనాలే. అసలు పత్రం తెరిచి చూడలేదు. ఈ కేసు రాయడానికి మొదటి కారణం అదే.

ఎదురైన సమస్య

మొదటి నెలన్నర నడక సాగుతోందని చెప్పారు. తర్వాత వరుసగా రెండు అపాయింట్‌మెంట్లకు రాలేదు. వచ్చిన రోజు సంచిలోంచి గోడ క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచారు. మొదట 46 తేదీల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు, ఒక్కొక్కదాని పక్కన వరుస సంఖ్య. 47వ గడి ఖాళీ. ఆ రాత్రి ఇంట్లో పిల్లవాడికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో గడిచింది. మర్నాడు మళ్లీ నడిచారు, కానీ ఆ గడిలో రాసుకున్నది 48 కాదు, 1. ఆ వరుస 19 దాకా వెళ్లి ఆగింది. మూడో వరుస 8 దగ్గర ఆగింది. ఆ తర్వాత గడులన్నీ ఖాళీ.

క్యాలెండర్ వెనక అట్టకు ఒక పత్రిక క్లిప్పింగ్ అతికించి ఉంది. మడతల దగ్గర కాగితం మెత్తబడిపోయింది. శీర్షికలో 66 పెద్ద అక్షరాల్లో ఉంది. "రోజూ క్రమం తప్పకుండా" అన్న మాటల కింద ఆయన రెండు గీతలు గీసుకున్నారు.

"సైన్సు ప్రకారం 66 వరసగా రావాలి. నాకు రావు" అన్నారు. నిద్ర మళ్లీ చెడింది. ఉదయాలు మంచంలోనే గడుస్తున్నాయి. ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగాను, లేవన్నారు. పరిస్థితి వెనక్కి వెళ్లిందని ఆ రోజే సైకియాట్రిస్టుకు తెలియజేశాను. ఆమె మందు మోతాదు మార్చారు. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదట నేను దీన్ని "అంతా లేదా ఏమీ లేదు" అనే ఆలోచనా దోషంగా చూశాను. డిప్రెషన్‌లో తరచూ కనిపించేదే. మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ మద్యం మానేసిన వాళ్లలో గమనించిన విషయం ఆయనకు చెప్పాను: ఒక్కసారి తప్పితే, ఆ తప్పు కంటే "ఇక అంతా పోయింది" అనే భావమే మనిషిని పూర్తిగా పాత దారికి లాగుతుందని. శ్రద్ధగా విన్నారు. "నిజమే కావచ్చు మేడమ్. కానీ ఇది నా భావం కాదు కదా, పరిశోధన చెప్పిన లెక్క" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి సెషన్‌లో అంకెను మెత్తబరచాలని చూశాను. 66 కేవలం మధ్యలో ఉన్న అంకె అనీ, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల వరకు పట్టవచ్చనీ చెప్పాను. ఇది కూడా ఒక కథనంలో చదివిందే, కాకపోతే మొదటిదాని కంటే జాగ్రత్తగా రాసింది. ఊరట దొరుకుతుందనుకున్నాను. ఆయన క్యాలెండర్ వైపు చూసి, "అయితే నేను 254 రోజుల మనిషిని" అన్నారు. ఆ వారం ఒక్క రోజూ నడవలేదు. తప్పును సవరించబోయి ఆయన భుజం మీద ఇంకా పెద్ద బరువు పెట్టాను.

ఆ సాయంత్రం నోట్సు రాస్తుంటే ఒక విషయం తట్టింది. ఆయన ఆలోచనలో దోషం వెతుకుతున్నాను కానీ, ఆ క్లిప్పింగ్‌ను ఆయన సరిగ్గానే చదివారు. 66 రోజులు, క్రమం తప్పకుండా. అక్కడ రాసి ఉన్నది అదే. ఎవరు చదివినా తేల్చుకునేది అదే. లోపం ఆయన చేతికొచ్చిన సమాచారంలో ఉంటే, ఆయన మనసును సవరించబోవడం తప్పు పనిముట్టు పట్టుకోవడమే. అసలు పత్రం తెప్పించుకుని చదివాను.

ఇక్కడ కూడా ఒక పొరపాటు చేశాను. పత్రం ప్రతి తీసి, ఇంటికి తీసుకెళ్లి చదవమని ఇచ్చాను. సాంకేతిక భాష, గ్రాఫులు, పట్టికలు. వారం తర్వాత ఆయన తెచ్చింది ఒకే ప్రశ్న: "ఇందులో చాలామందికి ఈ గీత సరిగ్గా సరిపోలేదంటున్నారు. నేనూ ఆ సరిపోని వాళ్లలో ఒకణ్నేనా?" డిప్రెషన్‌లో ఉన్న మనిషికి శాస్త్రీయ పత్రాన్ని ఒంటరిగా ఇస్తే, తన మీద నేరారోపణకు పనికొచ్చే వాక్యాన్నే వెతుక్కుంటాడు.

రెండు కాగితాలు పక్కపక్కన

మర్నాటి సెషన్‌లో మరే పనీ పెట్టుకోలేదు. ఎడమ వైపు క్లిప్పింగ్, కుడి వైపు పరిశోధన పత్రం. నేను వివరించి చెప్పను, ఒక్కో ప్రశ్న అడుగుతాను, రెండు చోట్లా జవాబు ఉందో లేదో ఆయనే వెతకాలి అన్నాను. లెక్కలు సరిచూడటం ఆయన వృత్తి. ఈ పని ఆయన చేతికి అలవాటైనదే. తన గురించి తీర్పు చెప్పుకునే చోటు నుంచి ఇద్దరు సాక్షుల మాటలు పోల్చి చూసే చోటుకు ఆయన మారాలన్నది నా ఉద్దేశం.

మొదటి ప్రశ్న: ఎవరి మీద చేశారు? క్లిప్పింగ్‌లో "పరిశోధకులు" అనే మాట తప్ప ఇంకేమీ లేదు. పత్రంలో ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ, ఆమె సహచరులు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 96 మందితో చేసిన అధ్యయనం అది. 2009లో ఆన్‌లైన్‌లోనూ, 2010లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ సోషల్ సైకాలజీ సంచికలోనూ వచ్చింది. ఒక్కొక్కరూ ఒక పని ఎంచుకున్నారు: మధ్యాహ్న భోజనంతో పండు తినడం, సీసా నీళ్లు తాగడం, రాత్రి భోజనానికి ముందు 15 నిమిషాల పరుగు, ఇలాంటివి. 84 రోజుల పాటు రోజూ చేస్తూ, ఆ పని ఎంత అప్రయత్నంగా జరుగుతోందో నమోదు చేశారు.

రెండో ప్రశ్న: 66 ఎవరిది? దీనికి ఆయనకు చాలాసేపు పట్టింది. నేను తొందరపెట్టలేదు. విశ్లేషణకు సరిపడా సమాచారం ఇచ్చినవారు 82 మంది. అందులో 62 మందికి, మొదట వేగంగా పెరిగి క్రమంగా నిలకడకొచ్చే వక్రరేఖను గీయగలిగారు. ఆ రేఖ బాగా సరిపోయింది 39 మందికి. పని అప్రయత్నంగా జరగడంలో వాళ్లు తమ గరిష్ఠ స్థాయిలో 95 శాతానికి చేరడానికి పట్టిన రోజుల మధ్యగతం, అంటే వరుసలో పేర్చితే సరిగ్గా మధ్యలో పడే అంకె, 66. ఆయన కాగితం చివర 96, 82, 62, 39 అని ఒకదాని కింద ఒకటి రాసుకుని, "అంటే ఈ 66 మనుషులందరిదీ కాదు" అన్నారు. సరిపోని వాళ్లను ఏం చేద్దామని అడిగితే, "వాళ్ల గురించి ఈ అంకె ఏమీ చెప్పదు. చెడుగా కూడా చెప్పదు" అన్నారు. వారం రోజులుగా ఆయన్ని తొలిచిన ప్రశ్నకు జవాబు ఆయన నోటి నుంచే వచ్చింది.

254 దగ్గర మరో మెలిక ఉంది. అధ్యయనం జరిగిందే 84 రోజులు. మరి 254వ రోజును చూసిందెవరు? ఎవరూ చూడలేదు. ఉన్న రేఖను ముందుకు పొడిగించి కట్టిన అంచనా అది. పత్రాన్ని కాస్త నిదానంగా చదివి ఉంటే ఆ అంకెను నేను ఆయన ముందు అలా పడేసేదాన్ని కాదు.

వ్యాయామం ఎంచుకున్నవారికి మధ్యగతం 91 రోజులని కూడా పత్రంలో ఉంది. నీళ్లు తాగడానికి 59, తినే అలవాట్లకు 65. ఇది ఆయనకు చూపించాలా వద్దా అని ముందు రోజే ఆలోచించాను. 66 స్థానంలో 91ని కొత్త గమ్యంగా పెట్టుకుంటారని భయం. దాస్తే, తర్వాత కనిపించినప్పుడు నా మీద నమ్మకం పోతుంది. చూపించి, "39 మందిని మళ్లీ మూడు గుంపులు చేస్తే ఒక్కో గుంపులో ఎందరుంటారు?" అని మాత్రం అడిగాను. నవ్వారు. అంత చిన్న గుంపుల మీద ఎంత బరువు మోపవచ్చో ఆయనకు నేను చెప్పనక్కర్లేదు.

చివరి ప్రశ్న: ఒక రోజు తప్పితే ఏమవుతుంది? క్లిప్పింగ్‌లో దీని గురించి ఒక్క మాటా లేదు. కుడి వైపు కాగితం తీసి మొదటి పేజీలోని సంగ్రహం చూడమన్నాను. పని చేసే ఒక అవకాశం తప్పిపోయినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ ఆటంకం కలగలేదని అక్కడే, అందరికీ కనిపించే చోటే రాసి ఉంది. ఎక్కడో అనుబంధంలో దాగిన వాక్యం కాదు. ఆయన రెండు సార్లు చదివారు. తర్వాత క్యాలెండర్ తిప్పి, 47వ గడి పక్కన రాసుకున్న 1 మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయారు.

అంతకు మించి ఆ వాక్యాన్ని సాగదీయకూడదని కూడా చెప్పాను. ఒక్క అవకాశం తప్పితే అన్నారు. వారాలు తప్పినా ఫరవాలేదని అనలేదు. పైగా అలవాటు ఎంతగా ఏర్పడిందో చెప్పింది అధ్యయనంలో పాల్గొన్నవాళ్లే.

రాత్రి నడకలు

కాగితాలు పోల్చేటప్పుడే ఇంకో సంగతి బయటపడింది. పత్రంలో పదే పదే వచ్చే మాట "ఒకే సందర్భంలో". అలవాటు అంటే ఎన్ని సార్లు చేశామన్నది మాత్రమే కాదు. భోజనం తర్వాత, కాఫీ తర్వాత అన్నట్టు ఒక సంకేతానికి పని ముడిపడటం. క్లిప్పింగ్‌లో రోజులున్నాయి కానీ సందర్భం లేదు. "మీ నడక ఎప్పుడు?" అని అడిగాను. ఇంతకాలంగా నేను అడగని ప్రశ్న. ఉదయం అనుకున్నాం కాబట్టి ఉదయమే అనుకున్నాను.

క్యాలెండర్‌లో కొన్ని సున్నాల పక్కన చిన్న చుక్కలున్నాయి. అవి రాత్రి నడిచిన రోజులు. ఉదయం కుదరకపోతే, వరుస తెగకుండా ఉండటానికి అర్ధరాత్రి దాటకముందే బయటికి వెళ్లి వచ్చేవారు. ఒక రోజు పదకొండున్నర దాటాక, వర్షంలో. మొదటి 46 రోజుల్లో చుక్కలున్నవి 17. నిద్ర కోసం మొదలుపెట్టిన నడక నిద్ర వేళను తినేసింది. సంకేతమేమీ లేని ఆ నడకలు లెక్కలో చేరాయి, అలవాటులో చేరలేదు. 46వ రోజుకు కూడా నడక బరువుగానే ఎందుకు ఉందో ఇద్దరికీ అర్థమైంది.

పనిచేసినది

వరుస సంఖ్య తీసేశాం. ముఖం కడుక్కోగానే గుమ్మం దగ్గర పెట్టుకున్న బూట్లు వేసుకోవడమే సంకేతం. ఉదయం తప్పితే ఆ రోజు వదిలేయడం. రాత్రి నడక ఉండదు. తప్పిన రోజును కప్పిపుచ్చకుండా వదిలేయడం చికిత్సలో భాగమైంది, మొదట్లో ఆయనకు అన్నింటికంటే కష్టమైనదీ అదే.

లెక్క రాసుకోకుండా ఉండలేని మనిషికి లెక్కే వద్దంటే నిలవదు. కాబట్టి కొలిచేదాన్ని మార్చాం. బెంజమిన్ గార్డ్‌నర్, సహచరులు 2012లో ప్రచురించిన నాలుగు ప్రశ్నల చిన్న కొలత ఉంది. ఈ పని నేను అప్రయత్నంగా చేస్తున్నానా, గుర్తుపెట్టుకోనక్కర లేకుండా చేస్తున్నానా, ఆలోచించకుండా చేస్తున్నానా, చేస్తున్నానని తెలిసేలోపే మొదలుపెడుతున్నానా అన్నవి ఆ నాలుగూ. రోజూ వీటికి మార్కులు వేసి గ్రాఫు మీద చుక్క పెట్టడం. రోజులు లెక్కపెడితే ఒక్క తప్పు మొత్తాన్ని సున్నా చేస్తుంది. గ్రాఫులో అలా జరగదని ఆయన కళ్లతో చూడాలన్నది నా ఉద్దేశం.

పది వారాల గ్రాఫులో మూడు ఖాళీలు వచ్చాయి. మొదటి ఖాళీ తర్వాతి రోజు చుక్క దాదాపు ముందు చోటనే పడింది. ఆయన దాని చుట్టూ గీత గీసుకుని తెచ్చారు. పత్రంలో చదివింది వేరు, తన గీతలో చూసింది వేరు. నడక దీర్ఘకాలం నిలవడానికి ఏదైనా ఒక్క క్షణాన్ని చూపమంటే నేను దాన్నే చూపుతాను.

నిద్ర కొంత కుదుటపడింది, డిప్రెషన్ మార్కులు తగ్గాయి. ఇందులో మందు మోతాదు మారడం వాటా ఎంతో, రాత్రి నడకలు ఆపడం వాటా ఎంతో, కాగితాల వాటా ఎంతో ఒక్క కేసుతో విడదీయలేం.

నేర్చుకున్నవి

తప్పు విలేకరిదేనని మొదట అనుకున్నాను. అది న్యాయం కాదు. 2014లో పెట్రోక్ సమ్నర్ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన ప్రచురించింది. 20 బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు ఆరోగ్య సంబంధ పరిశోధనల మీద విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను, అసలు పత్రాలతోనూ వార్తలతోనూ పోల్చింది. దాదాపు 40 శాతం ప్రకటనల్లో, పాఠకులకిచ్చే సలహా అసలు పత్రంలో ఉన్నదాని కంటే పెంచి ఉంది. ప్రకటన సలహాను పెంచి చెప్పినప్పుడు 58 శాతం వార్తలూ పెంచి చెప్పాయి. ప్రకటన పెంచనప్పుడు అలా చేసినవి 17 శాతం. విశ్వవిద్యాలయం గడప దాటకముందే మాట మారిపోతోందన్నమాట. అక్కడి నుంచి పత్రికకు, పత్రిక నుంచి నాలాంటి చికిత్సకురాలికి, నా నుంచి క్లయింట్‌కు. ఆ గొలుసులో నేనూ ఒక కొక్కెమే.

ఈ కేసులో మరో విషయం నన్ను ఇంకా ఆలోచింపజేస్తుంది. క్లిప్పింగ్‌లో అబద్ధం లేదు. 66 నిజంగా పత్రంలో ఉంది. రాలిపోయినవి షరతులు: ఎవరిలో, ఏ సందర్భంలో, తప్పితే ఏమవుతుంది. శీర్షికకు అంకె కావాలి, షరతు అక్కడ ఇమడదు. మాల్ట్జ్ మాటల్లోంచి "కనీసం" ఎలా జారిపోయిందో, ఇక్కడ "ఒక రోజు తప్పినా" అలాగే జారిపోయింది. ఇక నా ఎదుట కూర్చున్న మనిషికి కావలసింది సరిగ్గా ఆ జారిపోయిన మాటే.

అప్పటి నుంచి సెషన్‌లో ఏ అంకె చెప్పాలన్నా, కనీసం ఆ అధ్యయనం సంగ్రహమైనా చదివాకే చెబుతున్నాను. ఎవరైనా క్లిప్పింగ్ తెస్తే దాన్ని తోసిపుచ్చడం లేదు. పక్కన అసలు పత్రం పెట్టి, ఇద్దరం కలిసి చూస్తున్నాం. అందరికీ ఇది పనికిరాదు. లెక్కలంటే బెదిరే వారికి రెండు వాక్యాలు చాలు. నిస్పృహ తీవ్రంగా ఉన్నప్పుడు అయితే అసలే వద్దు, ముందు మనిషి నిలదొక్కుకోవాలి.

చికిత్స ముగిసిన కొన్ని నెలలకు ఆయన ఒకసారి కలిశారు. నడక ఎలా ఉందని అడిగాను, ఉందన్నారు. మధ్యలో ఎప్పుడైనా ఆగిందా అంటే, కాస్త ఆలోచించి, పని మీద వేరే ఊరు వెళ్లినప్పుడు తొమ్మిది రోజులు కుదరలేదన్నారు. తిరిగి వచ్చిన ఉదయం ముఖం కడుక్కున్నాక చూస్తే బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయట.